రక్తం మనది, ప్రశ్న ఎవరిది?

ఆస్పత్రి పరిశోధనల్లో రోగి మాటకు చోటెక్కడ? ఎంజీఎం వార్డుల నుంచి భద్రాచలం హాస్టళ్ల దాకా ఒక పరిశీలన

1997 నుంచి 2002 వరకు పురుగుల మందు విషంతో వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆస్పత్రి, అదే మన ఎంజీఎంలో చేరినవాళ్లు 8,040 మంది. వారిలో వందకు ఇరవై రెండు మందికి పైగా ప్రాణాలతో తిరిగి ఇల్లు చేరలేదు. 2002 నాటి కేసులను విడిగా తీసి చూస్తే మూడింట రెండు వంతుల మంది ముప్పై ఏళ్లు నిండనివాళ్లు. నూటికి 96 మంది కావాలనే తాగినవాళ్లు. లద్దె పురుగు పడి, పత్తి పోయి, అప్పు మిగిలి రైతులు ప్రాణాలు తీసుకున్న కాలం అది. ‘మందు తాగిండు’ అన్న మాట ఊళ్లో వినబడితే చాలు, మిగతాదంతా ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకుండానే అర్థమయ్యేది.

ఆ రికార్డులను వరంగల్ పరిశోధకులు ఓపికగా తిరగేశారు. విష వైద్యంలో పేరున్న మైకేల్ ఎడిల్‌స్టన్, నిక్ బక్లీ వారికి తోడయ్యారు. ఆ అధ్యయనం 2005లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో అచ్చయింది. అందులో రెండు సంగతులు కుండబద్దలు కొట్టినట్టున్నాయి. ఏ మందు తాగారో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగానికి రెండే రసాయనాలు కారణం: మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. ఇక రెండోది, విరుగుడు మందులు చాలామందికి తక్కువ మోతాదులో, మనిషి పరిస్థితిని బట్టి మార్చకుండా ఒకే లెక్కన ఇస్తున్నారు. తమ ఊరి చికిత్సలోని లోపాన్ని దాచకుండా రాయాలంటే గుండె ధైర్యం కావాలి. ఆ పని చేసినవాళ్లకు ఓరుగల్లు రుణపడి ఉంది.

తర్వాత ఏమైంది? ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011 మేలో ఆపింది. దాని వెనుక ఉన్నది కేరళలోని కాసర్‌గోడ్ బాధితులు ఏళ్ల తరబడి చేసిన పోరాటం. మోనోక్రోటోఫాస్‌ను 2005లో కూరగాయల పంటలకు మాత్రం వద్దన్నారు. పత్తి చేలకు ఆ అడ్డు లేదు. దాని 36 శాతం ద్రవాన్ని నిషేధిస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది 2023లో. ఎంజీఎం రికార్డుల ఆధారంగా ఆ మందు వైపు వేలెత్తి చూపిన అధ్యయనం అచ్చయిన పద్దెనిమిదేళ్లకు.

ఈ పద్దెనిమిదేళ్లూ నన్ను వెంటాడే విషయం ఒకటుంది. పరిశోధన ఫలితం ఇంగ్లిషు పత్రికలో ఉంది. నర్సంపేటలోనో పరకాలలోనో పురుగుమందుల దుకాణం ముందు నిలబడ్డ రైతుకు ఆ రెండు పేర్లు చెప్పే బాధ్యత ఎవరిది? బిడ్డను పోగొట్టుకున్న తల్లికి, ‘నీ కొడుకు కేస్ షీటు వల్ల మాకీ సంగతి తెలిసింది’ అని చెప్పే బాధ్యత ఎవరిది? అది ఏ ఒక్క డాక్టరు తప్పూ కాదు. మన దగ్గర వైద్య పరిశోధన నడిచే పద్ధతిలోనే ఆ మెట్టు లేదు. కాసర్‌గోడ్‌లో బాధితులు తమ బాధను తామే నోరు విప్పి చెప్పుకున్నారు, తమ ఊళ్లలో పరీక్షలు చేయమని పట్టుబట్టారు. ఇక్కడ 8,040 మంది ఒక పట్టికలో అంకెలుగా మిగిలారు.

ఆ కుటుంబాలను ముందే కూర్చోబెట్టి అడిగి ఉంటే ఏ ప్రశ్నలు వచ్చేవో ఊహించడం కష్టం కాదు. అప్పటికి 108 అంబులెన్సు లేదు, అది వచ్చింది 2005లో. ఏటూరునాగారం నుంచో మహబూబాబాద్ నుంచో జీపులోనో ఆటోలోనో మనిషిని వేసుకుని వరంగల్ చేరేదాకా దారిలో ఏం చేయాలి, ఏం చేయకూడదు? ఊరి పక్క ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విరుగుడు మందు ఎందుకు ఉండదు? బతికి ఇంటికొచ్చినవాడిని మళ్లీ ఆ ఆలోచన నుంచి ఎలా కాపాడుకోవాలి? ఈ చివరి ప్రశ్న ఇవాళ్టికీ చాలా ఇళ్లలో ఉంది. అలాంటి ఇంట్లో ఉన్నవాళ్లు టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. వార్డులో నిలబడి చూసేవాళ్లకు తట్టే ప్రశ్నలు వేరు, ఇంట్లో రాత్రంతా కాపలా కూర్చునేవాళ్లకు తట్టే ప్రశ్నలు వేరు. పరిశోధనకు రెండూ కావాలి.

ఒక ఊరు మాత్రం ఎవరూ అడగకముందే తన జవాబు తాను వెతుక్కుంది. అప్పటి వరంగల్ జిల్లా లింగాల ఘన్‌పూర్ మండలంలోని ఏనెబావి. పురుగుమందులు, రసాయన ఎరువులు పూర్తిగా మానేసి 2006లో ఊరు ఊరంతా సేంద్రియ గ్రామంగా ప్రకటించుకుంది. విషం ఇంట్లో లేకపోతే క్షణికావేశానికి అది చేతికి అందదు. ప్రజారోగ్య శాస్త్రం చెప్పేదీ అదే. ఆ రైతులు ఏ వైద్య పత్రికా చదవలేదు.

థీసిస్ పేషెంట్లు

వైద్య పరిశోధన అనగానే పెద్ద కంపెనీలు, కొత్త మందులు, కోట్ల రూపాయలు గుర్తొస్తాయి. వరంగల్‌లో జరిగే పరిశోధనలో ఎక్కువ భాగం అది కాదు. 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీలో ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి పీజీ విద్యార్థీ ఒక థీసిస్ రాయాలి. అది లేకుండా పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ థీసిస్‌కు కావలసిన కేసులు దొరికేది ఎంజీఎంలో, దాని అనుబంధ ఆస్పత్రుల్లో. జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి నుంచి బస్సెక్కి వచ్చి, ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడే మనుషులే ఆ కేసులు. షుగర్ పుండ్లు, పాము కాట్లు, కాన్పులో రక్తం తగ్గిన తల్లులు, డయాలసిస్ మంచాలు, బరువు తక్కువ పుట్టిన పసికందులు అన్నీ ఏదో ఒక థీసిస్‌లో ఉంటాయి.

పీజీ డాక్టర్లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. నిద్ర లేని డ్యూటీల మధ్య వాళ్లు ఆ పని చేస్తారు. మొదటి ఏడాదిలోనే టాపిక్ ఖాయం చేసుకోవాలి. గైడ్ ఒప్పుకోవాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి రావాలి, కేసులు పోగవ్వాలి, పరీక్షకు ముందే పుస్తకం కట్టి ఇవ్వాలి. అంత ఒత్తిడిలో టాపిక్ ఎంచుకునేటప్పుడు ముందుకొచ్చే ఆలోచన ఏమిటి? కేసులు సరిపడా దొరుకుతాయా, గడువులో అయిపోతుందా. ఈ జబ్బుతో బతికేవాళ్లకు ఏం తెలుసుకోవాలని ఉందన్న ప్రశ్నకు ఆ దారిలో ఎక్కడా మజిలీ లేదు.

రోగి వైపు నుంచి చూద్దాం. తెల్లకోటు వేసుకున్న పిల్లో పిల్లాడో వచ్చి రోజూ చూసేదానికంటే కొంచెం ఎక్కువసేపు మాట్లాడతారు. నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు. ఒక కాగితం మీద సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. అది ఆపరేషన్ కాగితమా, ఆరోగ్యశ్రీ కాగితమా, పరిశోధన కాగితమా అన్నది మంచం పక్కన కూర్చున్న మనిషికి తెలియడం కష్టం. తెలిసినా కాదనడం ఇంకా కష్టం. ‘వద్దంటే సార్ మంచిగ చూడడేమో’ అన్న భయం ఉంటుంది. ఆ భయం పోగొట్టకుండా తీసుకున్న సంతకం చట్టం దృష్టిలో చెల్లుతుందేమో గానీ, నా దృష్టిలో అది ఒప్పుకోలు కాదు.

రెండేళ్ల తర్వాత ఆ థీసిస్ లైబ్రరీ బీరువాలోకి చేరుతుంది. అందులో పనికొచ్చేవి లేకపోలేదు. ఏ మండలం నుంచి ఎక్కువ పాము కాటు కేసులు వస్తున్నాయి, ఎన్ని గంటలు ఆలస్యమవుతున్నది, ఎవరు చనిపోతున్నారు అన్న వివరాలు ఉంటే అవి ఆ మండలం ఆశ కార్యకర్తకు, సర్పంచుకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు ఎంత విలువైనవి! ఒక్క పేజీ తెలుగులో రాసి పంపితే చాలు.

భద్రాచలంలో జరిగింది

అడగకుండా చేస్తే ఏమవుతుందో మనకు బాగా దగ్గర్లోనే అనుభవం ఉంది. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. పాథ్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ప్రాజెక్టు అది. దాదాపు 14 వేల మంది పిల్లలు. వారిలో ఎందరో గిరిజన హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో చదువుకునేవాళ్లు. తల్లిదండ్రులు ఎక్కడో గూడేల్లో.

పిల్లల మరణాల వార్తలు, మహిళా సంఘాల నిలదీతల మధ్య 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో తేలింది. అయితే కాగితాలు తీసి చూసినప్పుడు బయటపడింది వేరే సంగతి. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదికలో ఉన్న లెక్క ఇది: పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి, 2,763 పత్రాల మీద వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారు. కన్నవాళ్లు ఉండగా వార్డెన్ సంతకం! బీమా లేదు, ఏదైనా ఇబ్బంది వస్తే కనిపెట్టి చూసే గట్టి ఏర్పాటూ లేదు.

హెచ్‌పీవీ టీకా మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు దాన్ని సిఫార్సు చేస్తోంది. మన దేశంలోనే తయారైన టీకా కూడా వచ్చింది. నా బాధ అదే. ఒక మంచి టీకా మీద ఏళ్ల తరబడి అనుమానపు నీడ పడింది. ఆ గూడేల్లో ముందుగా అమ్మలతో, పెద్దలతో, ఆ పిల్లలతోనే కూర్చుని, ఇదేమిటో, ఎందుకో, వద్దంటే ఏమవుతుందో కోయ మాటల్లో చెప్పి, వాళ్ల సందేహాలను బట్టి పని తీరు మార్చుకుని ఉంటే? ఆలస్యమయ్యేది, నిజమే. కొన్ని నెలల ఆలస్యం. దానికి బదులు కొన్నేళ్ల నమ్మకం పోయింది.

ఇంకా ఉన్నాయి. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల పేద మహిళలను హైదరాబాద్ తీసుకొచ్చి మందుల ప్రయోగాల్లో వాడిన సంగతి బయటపడి రాష్ట్రం అట్టుడికింది. 2017లో మనకు పక్కనే ఉన్న జమ్మికుంట ప్రాంతపు యువకులు డబ్బు కోసం బెంగళూరు వెళ్లి మందుల ప్రయోగాలకు ఒళ్లప్పగిస్తున్నారని ఒక యువకుడి మరణం తర్వాత తెలిసింది. దళారి ఫోన్ చేస్తాడు, రేటు చెబుతాడు, వీళ్లు రైలెక్కుతారు. మనిషి ఒళ్లు మాత్రమే కావలసి, అతని మాట అక్కర్లేని చోట పరిశోధన ఎక్కడిదాకా దిగజారుతుందో చెప్పడానికి ఈ రెండూ చాలు.

కుర్చీ ఉంది, కూర్చున్నదెవరు?

చట్టం అసలే లేదని కాదు. 2019 మార్చిలో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. అందులో సగం మంది ఆ సంస్థకు సంబంధం లేనివాళ్లు కావాలి. వైద్యంతో సంబంధం లేని ఒక సామాన్యుడు, ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు, ఒక సామాజిక శాస్త్రవేత్తో స్వచ్ఛంద సంస్థ ప్రతినిధో ఉండాలి. క్లినికల్ ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం అందించాలి. పేపరు మీద బాగుంది. కానీ ఆ సామాన్యుడు రోగి అయి ఉండాలని నిబంధనలో లేదు. ఏ జబ్బు మీద పరిశోధనో ఆ జబ్బుతో బతికేవాళ్లను పిలవాలనీ లేదు. పైగా ఎథిక్స్ కమిటీ చూసేది అప్పటికే తయారైన ప్రతిపాదనను. ఏ ప్రశ్న మీద పరిశోధన చేయాలన్నది అంతకుముందే ఎక్కడో తేలిపోతుంది. రోగి కుర్చీ ఆ ముందు గదిలో వేయాలి.

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య పరిశోధనలో జనం మాటకు చోటివ్వడానికి 1996లోనే ప్రత్యేక బృందం వేశారు. 2004లో మొదలైన జేమ్స్ లిండ్ అలయన్స్ అనే వేదిక రోగులను, వాళ్లను చూసుకునే ఇంటివాళ్లను, డాక్టర్లను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఒక్కో జబ్బుకు ఏ పది ప్రశ్నలు ముందు తేల్చాలో వారితోనే జాబితా రాయిస్తుంది. అక్కడివాళ్లకు ఈ బుద్ధి ఊరికే రాలేదు. మోకాళ్ల అరుగుదల మీద జరిగిన పరిశోధనలను బ్రిస్టల్ పరిశోధకులు లెక్కవేసి 2000లో ప్రకటించారు. అచ్చయిన వాటిలో ఎక్కువ భాగం మందుల మీదే. రోగులు అడుగుతున్నది మాత్రం కీలు మార్పిడి ఆపరేషన్ గురించి, నొప్పితో ఎలా నెట్టుకురావాలన్న దాని గురించి. వరి నాట్లేసి, పత్తి ఏరి మోకాళ్లు అరిగిపోయిన మన వరంగల్ పల్లెల ఆడవాళ్లను అడిగితే ఇంకా వేరే ప్రశ్నలు వస్తాయి. కూలికి పోక తప్పదు, వంగకుండా పని చేసే ఉపాయం చెప్పమంటారు. ఆ ఉపాయం మీద ఒక థీసిస్ రాయకూడదా?

ప్రపంచ వైద్య సంఘం 1964లో చేసిన హెల్సింకి ప్రకటనను వైద్య పరిశోధనకు ధర్మశాస్త్రంగా చూస్తారు. 2024 అక్టోబరులో దాన్ని సవరిస్తూ, పరిశోధనకు ముందు, జరుగుతున్నప్పుడు, ముగిశాక కూడా పాల్గొనేవాళ్లతో, వాళ్ల సమాజంతో మనసు పెట్టి కలిసి పనిచేయాలని రాశారు. ఇక ఇది ఎవరి దయాదాక్షిణ్యమో కాదు.

తెలుగు నేల మీద ఆశ కలిగించే దారులూ ఉన్నాయి. హైదరాబాద్‌లో తలసీమియా, సికిల్ సెల్ సొసైటీని 1998లో స్థాపించినవాళ్లలో ఆ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులే ముందున్నారు. పిల్లలకు రక్తం ఎక్కించడంతో మొదలైన ఆ సంస్థ గర్భిణుల పరీక్షల దాకా, పరిశోధన దాకా వెళ్లింది. హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ 1987లో గర్భిణుల, పిల్లల ఆహారం మీద మొదలుపెట్టిన అధ్యయనంలోని పిల్లలు పెద్దవాళ్లయ్యారు, పెళ్లిళ్లయ్యాయి. పరిశోధకులు మళ్లీ మళ్లీ వెళ్లి వాళ్లను కలుస్తూనే ఉన్నారు. అంతకాలం తలుపు తీస్తున్నారంటే అది నమ్మకం. శ్రీకాకుళం ఉద్దానంలో కథ మరో రకం. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. జనం అడిగి, అలిగి, రోడ్డెక్కాక 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చింది. ఏ నీళ్లు తాగారో, ఎండలో ఎన్ని గంటలు పని చేశారో, ఏ మందులు మింగారో ఆ జీడి, కొబ్బరి తోటల కూలీలకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది?

ఎంజీఎంలో ఇవన్నీ సాధ్యమా అని అడిగేవాళ్లున్నారు. ఆ రద్దీ, ఆ సిబ్బంది కొరత తెలిసినవాళ్లు అడగాల్సిన ప్రశ్నే. రోగులకు శాస్త్రం తెలియదు కదా అని ఇంకో మాట. శాస్త్రం డాక్టర్ల దగ్గర ఉంది, దాన్ని రోగుల నుంచి ఎవరూ ఆశించడం లేదు. డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు వచ్చే మనిషికి ఆ మంచం గురించి, ఆ బస్సు గురించి, ఆ రోజు పోయే కూలి గురించి తెలుసు. అది కూడా జ్ఞానమే. నాకున్న అసలు భయం వేరే. రోగుల ప్రతినిధి పేరుతో ఊరి పెద్దమనిషినో, పార్టీ నాయకుడినో తెచ్చి కుర్చీలో కూర్చోబెడతారేమోనని. అలా జరిగితే కుర్చీ లేకపోవడమే మేలు. మహిళా సంఘాలున్నాయి, ఆశ కార్యకర్తలున్నారు, ఒకే రోజు ఒకే ఓపీకి ఏళ్ల తరబడి వచ్చే రోగులున్నారు. వాళ్లలోంచి ఎంచుకోవాలి. వచ్చిన రోజుకు కూలి, బస్సు చార్జీ ఇవ్వాలి. మాట ఊరికే అడగడం మర్యాద కాదు.

వరంగల్‌కు ఇంకో వెసులుబాటు ఉంది. తెలంగాణ మెడికల్ కాలేజీలకు పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. ప్రతి థీసిస్ ప్రతిపాదనలో ‘ఈ ప్రశ్న గురించి ఏ రోగులతో మాట్లాడారు, వాళ్లేమన్నారు’ అని ఒక పేజీ ఉండాలని ఆ విశ్వవిద్యాలయం ఒక సర్క్యులర్ ఇస్తే రాష్ట్రమంతా మారుతుంది. థీసిస్‌తో పాటు తెలుగులో ఒక పేజీ సారాంశం కూడా తప్పనిసరి చేయవచ్చు. అంగీకార పత్రాలను ఆఫీసు భాషలో కాకుండా మంచం పక్కన కూర్చున్న అవ్వకు అర్థమయ్యే మాటల్లో రాయించవచ్చు. జనం పలుకుబడి కోసం జీవితమంతా నిలబడ్డ కాళోజీ పేరు పెట్టుకున్న సంస్థ చేయాల్సిన మొదటి పని ఇదేనని నా నమ్మకం. పాత సెంట్రల్ జైలు స్థలంలో 2021లో శంకుస్థాపన జరిగిన ఇరవై నాలుగు అంతస్తుల ఆస్పత్రిలో అన్ని విభాగాలూ పని మొదలుపెట్టే నాటికైనా రోగుల సలహా మండలికి ఒక గది కేటాయించాలి.

అది జరిగేలోపు మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. మీవాళ్లెవరైనా ఆస్పత్రిలో ఉండి, ఎవరైనా వచ్చి పరిశోధన అంటే, ముందు రెండు మాటలు అడగండి: ఇది చికిత్సలో భాగమా, పరిశోధనా? వద్దంటే వైద్యం ఏమైనా మారుతుందా? మారకూడదు, అది మీ హక్కు. వివరాల కాగితం, మీరు సంతకం పెట్టిన పత్రం కాపీ అడిగి తీసుకోండి. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు అందులో ఉండాలి, ఉందో లేదో చూడండి. క్లినికల్ ట్రయల్ అయితే 2009 జూన్ నుంచి ప్రతిదీ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. ఇంట్లో చదువుకున్న పిల్లలతో దాన్ని వెతికించండి, పైసా ఖర్చు లేదు. అన్నీ నచ్చితే నిండు మనసుతో ఒప్పుకోండి, పరిశోధన మనకు కావాలి. ఒప్పుకున్నాక ఇంకొక్క మాట అడగండి: ‘డాక్టర్ గారూ, మీకేం తెలిసిందో మాకూ చెప్తారా?’